ఆరో బోల్టు

పిడుగురాళ్లలో ఏ మెకానిక్ షెడ్డు ముందు ఆగినా ఒక బండి బట్టలిప్పుకుని నిలబడి ఉంటుంది. ముందు డూమ్ ఉండదు, పక్క ప్యానళ్లుండవు, వైర్లన్నీ పేగుల్లా వేలాడుతుంటాయి. మొన్న ఆదివారం మేం చూసిన బండి పక్కన అట్టపెట్టె కూడా ఉంది. అందులోంచి అప్పుడే తీసిన ఎర్రటి ఫెయిరింగ్ కొత్త పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది. డూప్లికేటే. కంపెనీ సామాను ధర విని గుండె ఆగినంత పనై, ఇది తెప్పించుకున్నాడట కుర్రాడు. ఐదు బోల్టులు బుద్ధిగా కూర్చున్నాయి. ఆరోది మొహం తిప్పేసుకుంది. ప్యానల్‌కున్న చిల్లు ఒకచోట, లోపల బ్రాకెట్ మీది మర ఇంకోచోట. రెంటికీ మధ్య దూరం నువ్వుగింజంత.

“గట్టిగా నొక్కి పట్టుకో తమ్ముడూ” అన్నాడు మెకానిక్. కుర్రాడు మోకాలు పెట్టి నొక్కాడు. ఆరోది పట్టింది, రెండోది ఊడింది.

ఆ నువ్వుగింజంత దూరానికి పెద్ద కథే ఉంది. అచ్చులో పోసిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. ఫెయిరింగులకు ఎక్కువగా వాడే ఏబీఎస్ రకం సుమారు అర శాతం తగ్గితే, పాలీప్రొపిలీన్ ఒకటి నుంచి రెండు శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. కంపెనీవాళ్లు ఆ తరుగు ముందే లెక్కగట్టి అచ్చును అంతమేర పెద్దదిగా చెక్కిస్తారు. నకలు చేసేవాడు బజార్లో దొరికిన ఒరిజినల్ ముక్క మీదనే అచ్చు తీశాడనుకోండి, ఒకసారి తగ్గిన కొలత మళ్లీ తగ్గుతుంది. 400 మిల్లీమీటర్ల ప్యానల్లో అర శాతమంటే 2 మిల్లీమీటర్లు. అంతేగా అనిపిస్తుంది గానీ, 6 మిల్లీమీటర్ల బోల్టుకు అది చీరాల వెళ్లాల్సినవాడు చిలకలూరిపేటలో దిగిపోవడం లాంటిది. చిల్లును ఆకురాయితో కాస్త రాస్తే సరిపోతుందని రాస్తారు. రాసి రాసి అంచు పల్చబడ్డాక, బోల్టు బిగించగానే టప్పున పగులుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే.

ఇంతా చేసి ఈ ఫెయిరింగ్ తొడుగు పుట్టింది గాలి కోసం. 1950ల్లో రేసు బండ్లకు ముందు చక్రాన్ని సైతం మింగేసే తొడుగులు వేసేవారు. పక్కగాలి కొడితే బండి గాలిపటమయ్యేది. 1957 సీజన్‌తో వాటిని రేసుల్లోంచి నిషేధించారు. 1976లో బీఎండబ్ల్యూ తన ఆర్100ఆర్‌ఎస్ తొడుగును గాలి సొరంగంలో పెట్టి దిద్ది, రోడ్డు మీదికి పంపింది. మన కుర్రాళ్లకు ఆ మోజు 2003లో కరిజ్మా బైకు అంటించింది, 2008లో ఆర్15 ముదరబెట్టింది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది కనుక, అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద దూసుకుపోయేవాడికి తొడుగు పనికొస్తుందనే అనుకుందాం. సున్నం లారీల వెనక ఇరవైలో పాకే బండికి చీల్చడానికి గాలేదీ? అయినా నవ్వడానికి మనసొప్పదు. మీసానికి మాత్రం ఏం ఉపయోగముంది!

మెకానిక్ ఆకురాయి ముట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసి, నేల మీద గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి బండి మొహంలోకి చూశాడు.

“బండి ఎప్పుడన్నా పడిందా?”

కుర్రాడు చెప్పులకేసి చూసుకున్నాడు. “ఒక్కసారేనన్నా. దాచేపల్లి దగ్గర. అదీ స్టాండు వేసున్నప్పుడే.”

“నీ ముందటాయన దగ్గర?”

సెకండ్‌హ్యాండ్ బండి. ఎవరికి తెలుసు? మెకానిక్ లోపలికెళ్లి, విప్పి పడేసిన పాత ప్యానల్ తెచ్చాడు. రెంటచింతల వైపు ఎండలకు రంగు వెలిసిపోయింది, రెండు లాకులు విరిగాయి, ఒక పగులు మీద ఫెవిక్విక్కు, వంటసోడా కలిపి పెట్టిన అతుకు గడ్డకట్టి ఉంది. బండికి ఆనించాడు. ఆరు చిల్లులూ మరల మీద వచ్చి కూర్చున్నాయి. బ్రాకెట్ ఏనాడో ఎడమకు ఒరిగింది. దాంతోపాటు పాత ముక్కా ఏళ్లకేళ్లు ఒరుగుతూ వచ్చింది. కొత్తది పొట్టిదన్నదీ నిజమే, బండి వంకరన్నదీ నిజమే. అందులో ఎవరి వాటా ఎంతో మేమడిగాం. ఆయన నవ్వి స్పానర్ అందుకున్నాడు.

పల్నాడు పల్లెల్లో వెనకటికి కొత్త కాడి కావాలంటే వడ్రంగి పాత కాడి తెమ్మనేవాడు. అది చాలక ఎడ్లను కూడా చూడాలనేవాడు. జోడెడ్లలో రెండూ ఒకే ఎత్తుండవు, ఏది ఎటు లాగుతుందో మెడ మీది కాయను చూస్తే తెలిసేది. “పడిందా?” అన్న ప్రశ్న వినగానే మాకు ఆ వడ్రంగే గుర్తొచ్చాడు.

బిగించిన ఐదింటినీ మళ్లీ విప్పాడు. మరల నిండా తెల్లటి పొడి. ఈ ఊళ్లో ఏ మర విప్పినా బట్టీల సున్నమే రాలుతుంది. గుడ్డతో తుడిచి, బ్రాకెట్‌కు ఇనప గొట్టం తొడిగి నెమ్మదిగా కుడికి లాగాడు. తర్వాత ఏ బోల్టునీ బిగించకుండా ఆరింటినీ రెండేసి చుట్లు తిప్పి వదిలాడు. అన్నీ పట్టాయని చూసుకున్నాకే పది నంబరు స్పానర్‌తో ఒకసారి ఇటు, ఒకసారి అటు బిగిస్తూ వచ్చాడు. ఆరోదాని కింద రబ్బరు వాచర్ అదనంగా పడింది. ట్యాంకు దగ్గర మాత్రం గోరు దూరేంత సందు మిగిలింది.

“ఇదో?” అన్నాడు కుర్రాడు వేలు పెట్టి చూపిస్తూ.

“వారం రోజులు తిరుగు, చూద్దాం.”

కుర్రాడు డబ్బులిచ్చి, పాత ముక్కను చెత్తబుట్టలో వేయబోతుంటే మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇంటికి పట్టుకుపో తమ్ముడూ. మళ్లీ పడితే కొలతకి కావాలి.”

రబ్బరు తాడేసి దాన్ని వెనక సీటుకు కట్టించుకుని వెళ్లాడు.