మూత విప్పి చూపించండి

జగ్గయ్యపేట, నందిగామల్లో బీకాం చదివే మన అమ్మాయిలు ట్యాలీలో పద్దులు చకచకా వేసేస్తారు. కంప్యూటర్ మొరాయిస్తే మాత్రం చాలామంది "అబ్బాయిల్ని పిలవండి" అంటారు. లోపలేముందో ఎవరైనా మూత విప్పి చూపిస్తే కదా!

ర్యామ్ పలక లాంటిది. కరెంటు పోతే అందులో రాసింది చెరిగిపోతుంది. హార్డ్ డిస్క్ ఆవర్జా పుస్తకం. కరెంటు పోయినా రాత నిలుస్తుంది. అయితే అదీ ఏదో ఒకనాడు పాడవుతుంది, అందుకే నకలు వేరేచోట ఉంచాలి. యూపీఎస్ ఇచ్చేది పని సేవ్ చేసి ఆపుకునేంత వ్యవధే.

ఈ నాలుగు ముక్కలూ తెలియకపోతే, రేపు మిర్చి కొట్లో కొలువుకెళ్లాక మార్చి నెలాఖరున లెక్కలు పోతే మాట పడేది ఆ అమ్మాయే.

లెక్చరర్లకు నా మనవి: పాత కంప్యూటర్, స్క్రూడ్రైవర్ వాళ్ల చేతికివ్వండి. ప్లగ్గు తీశాకే సుమా!