ఇంట్లో పుట్టిన పండుగ

డిసెంబరు వచ్చిందంటే పాస్టర్ల డైరీలో ఖాళీ కాగితం ఉండదు. సెమీ క్రిస్మస్‌లు, యూత్ క్రిస్మస్, స్త్రీల సమాజం క్రిస్మస్, సండే స్కూలు పిల్లల నాటికలు, రాత్రిళ్లు పేటపేటకూ కేరల్స్. కొన్నేళ్ల కిందట ఒక డిసెంబరులో మేము ఇరవై రెండు రోజుల్లో పదిహేడు సభల్లో మాట్లాడాము. దాదాపు అన్నిచోట్లా ఒకటే అంశం: గొర్రెల కాపరులకు దూత తెచ్చిన మహా సంతోష వర్తమానం (లూకా 2:10).

అలాంటి ఒక సభ ముగించుకుని రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరాము. అందరూ నిద్రపోయారు. వంటింటి గట్టు మీద ఒక పళ్లెం, దాని మీద మరో పళ్లెం బోర్లించి ఉంది. మూత తీసి, ఉన్నది తింటూ, మర్నాటి ప్రసంగం గురించి ఆలోచించుకుంటూ, చెయ్యి కడుక్కుని పడుకున్నాము. తెల్లవారగానే పదేళ్ల మా అమ్మాయి మంచం దగ్గరకు వచ్చి "ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది. "ఏది తల్లీ?" అన్నాము. పిల్ల మొహం చిన్నబోయింది. సంగతేమిటంటే, ఆ పళ్లెంలో ఉన్నది అది తన చేత్తో ఒత్తిన మొట్టమొదటి అరిసె. తమ్ముణ్ణి కూడా ముట్టుకోనివ్వకుండా నాన్న కోసం దాచిందట. మేము దాన్ని తిన్నాము. ఏం తింటున్నామో తెలియకుండా తిన్నాము. ఆనందం గురించి నలభై నిమిషాలు ప్రసంగించి వచ్చిన రాత్రే ఇది జరిగింది.

ఆ ఉదయం లూకా రెండో అధ్యాయాన్ని మళ్లీ తెరిచాము. ఈసారి సభలో చెప్పడానికి కాదు, మా కోసం చదువుకున్నాము.

యేసు పుట్టినప్పుడు సత్రంలో చోటు లేదని మన తెలుగు బైబిలులో చదువుతాం. లూకా అక్కడ వాడిన గ్రీకు మాట 'కటాలుమా'. ఇదే మాటను ఆయన మరోసారి, ప్రభువు శిష్యులతో పస్కా భోజనం చేసిన విడిది గదికి వాడాడు (లూకా 22:11). మంచి సమరయుడు గాయపడినవాణ్ణి చేర్చిన పూటకూళ్ల ఇంటికి మాత్రం వేరే మాట వాడాడు (లూకా 10:34). అందుకే, బేత్లెహేములో చోటు లేనిది ఎవరి ఇంట్లోనో ఉన్న అతిథుల గదిలో కావచ్చునని చాలామంది బైబిలు పండితులు అంటారు. గుహలో పుట్టాడన్న సంప్రదాయం కూడా ప్రాచీనమైనదే. అయితే ఆ దేశపు పల్లెల్లో మనుషులు, పశువులు ఒకే కప్పు కింద రాత్రి గడపడం మామూలే. గడప దగ్గర పల్లంలో పశువులు, కాస్త ఎత్తు మీద మనుషులు, మధ్యలో మేత తొట్టి. సావిట్లో గేదెలను కట్టేసి, ఆ పక్కనే మంచం వాల్చుకున్న తాతలను చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

కాపరులకు దూత ఇచ్చిన ఆనవాలు చూడండి. నక్షత్రం కాదు, సింహాసనం కాదు. గుడ్డల్లో చుట్టి, తొట్టిలో పడుకోబెట్టిన పసికందు. ప్రతి పేద ఇంట్లో ప్రతి తల్లీ చేసే పనే అది. దేవుని మహిమను వెతుక్కుంటూ పరుగెత్తిన కాపరులకు కనబడింది ఒక బాలింత, ఆమె పెనిమిటి, ఒక బిడ్డ. దాన్ని చూసే వారు దేవుణ్ణి స్తుతిస్తూ తిరిగి మంద దగ్గరకు వెళ్లారు.

ఆ తరువాతి సంగతి మరింత ఆశ్చర్యకరమైనది. యేసు బోధ మొదలుపెట్టే నాటికి ఆయనకు సుమారు ముప్పై ఏళ్లు (లూకా 3:23). పన్నెండేళ్ల ప్రాయంలో యెరూషలేము దేవాలయంలో జరిగిన ఒక్క సంఘటన తప్ప, నజరేతులో పెరిగిన ఆ ఏళ్ల గురించి సువార్తలు మౌనంగా ఉన్నాయి. అమ్మానాన్నలకు లోబడి ఉన్నాడని, జ్ఞానంలోనూ వయసులోనూ ఎదిగాడని మాత్రమే రాసి ఉంది. అంటే లోకరక్షకుడు తన ఆయుష్షులో ఎక్కువ భాగాన్ని ఒక ఇంట్లో గడిపాడు. నీళ్లు తెచ్చే తల్లి, చెక్క చెక్కే తండ్రి, రొట్టె కాలే వాసన, తోబుట్టువుల పేచీలు, సబ్బాతు సాయంత్రాలు. పరలోకపు తండ్రి ఆ ఏళ్లను వృథా అనుకోలేదు. మనమే మన ఇంటి గంటలను వృథా అనుకుంటున్నాం. సభలో ఉంటే పరిచర్య, ఇంట్లో ఉంటే విశ్రాంతి అని మేమూ లెక్క వేసుకున్నాము. ఆ లెక్క తప్పని ఒక చల్లారిన అరిసె చెప్పింది.

అరిసెలు చేసే ఇళ్లలో ఒక సంగతి అందరికీ తెలుసు. బియ్యం నానబెట్టడానికి తొందర లేదు. పిండి కొట్టి, జల్లించి, తడి ఆరకుండా కాసేపు మూత పెట్టి ఉంచవచ్చు. బెల్లం పాకం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. నీళ్లలో వేసిన చుక్క వేలికి ఉండ కట్టిన ఆ క్షణంలోనే పిండి పడాలి. ఎవరో పిలిచారని అటు వెళ్లి వస్తే పాకం ముదిరిపోతుంది, అరిసె రాయి అవుతుంది. ఇంట్లో పిల్లలు "నాన్నా, ఇలా చూడు" అని పిలిచే వయసు కూడా అంతే. పదో తరగతి పరీక్షకు మళ్లీ కట్టవచ్చు, తప్పిన సభకు మరుసటి ఏడాది వెళ్లవచ్చు. గోడ మీద నక్షత్రం వేలాడదీయడానికి మీ భుజం ఎక్కుతానన్న పిల్లవాడు మరుసటి ఏడాదికి మీ భుజం దాటి ఎదిగి ఉంటాడు.

అయితే ఇంటి ఆనందం గురించి మాట్లాడేటప్పుడు ఒక మాట దాచకూడదు. అది ఎవరి ఆనందం? ఇంటిల్లిపాదీ ముందు గదిలో నవ్వుతూ ఉంటే, ఒక్క మనిషి మాత్రం ఉదయం నుంచి నూనె మూకుడు ముందు చెమటలు కక్కుతుంటే, ఆ ఇంట్లో పండుగ సగమే వచ్చినట్టు. మార్తకు ప్రభువు చెప్పిన మాటను (లూకా 10:41, 42) మన పురుషులు చాలాసార్లు స్త్రీలకు పాఠంగా చెబుతారు. మార్తతో కూర్చుని రెండు ఉల్లిపాయలు తరిగితే ఆమె కూడా ప్రభువు పాదాల దగ్గర కూర్చునేది కదా అని ఎవరూ అనరు. ఈ క్రిస్మస్‌కు జల్లెడ మీరు పట్టండి. జంతికల గొట్టం మీరు తిప్పండి. చెయ్యి నొప్పి పుట్టినప్పుడు, ఇన్నేళ్లుగా ఆ గొట్టం తిప్పిన చేతులను ఒకసారి చూడండి.

మరొక మాట. అప్పు చేసి కొన్న కొత్త బట్టలు డిసెంబరు ఇరవై ఐదున మెరుస్తాయి, జనవరిలో గుచ్చుకుంటాయి. సందర్శనకు వెళ్లినప్పుడు పెద్దలు చెప్పని ఈ దిగులును పిల్లల ముఖాల్లో చదివాము. పొత్తి గుడ్డల్లో వచ్చిన రాజు పుట్టినరోజుకు ఉతికిన బట్టలు చాలు. ఇంట్లో అందరికీ కొనలేనప్పుడు పెద్దలు మానుకుని పిల్లలకు కొంటారు. అప్పుడు ఆ సంగతి పిల్లలకు చెప్పండి. ప్రేమ ఎలా ఉంటుందో వాళ్లూ తెలుసుకుంటారు.

ఇక, పండుగ వస్తుందంటేనే గుండె బరువెక్కే ఇళ్లున్నాయి. మా సంఘంలో ఒక తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఇద్దరు పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. క్రిస్మస్ నాడు అక్కడ సెలవు ఉండదు. ఒక ఏడాది ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళితే, మధ్యాహ్నం మూడు దాటినా ఎవరూ భోజనానికి కూర్చోలేదు. "అమ్మకు ఇప్పుడు పన్నెండున్నర అయ్యగారూ, ఇంకో అరగంటకు తీరిక దొరుకుతుంది" అంది పెద్దపిల్ల. మూడున్నరకు మంచినీళ్ల చెంబుకు ఫోను ఆనించి, దాని ముందు కూడా ఒక విస్తరి వేశారు. తల్లి అక్కడ ఎవరి వంటింట్లోనో నిలబడి రొట్టె ముక్క తింటుంటే, వీళ్లు ఇక్కడ అన్నం తిన్నారు. మేము ప్రార్థన చేయబోయి మాట రాక కాసేపు ఊరుకున్నాము. చిన్నవాడు "ఆమేన్" అనేశాడు. అందరూ నవ్వారు, ఫోనులోని తల్లి కూడా. ఎడబాటు తీరలేదు. కానీ ఆ పది నిమిషాలు ఆ ఇల్లు ఒక్కచోట ఉంది. ఆకలిని ఆపుకుని ఒకరి కోసం ఒకరు ఎదురుచూడడమే ఆగమన కాలం అయితే, ఆ పిల్లలు దాన్ని మాకంటే బాగా ఆచరించారు.

ఈ ఏడాదే ఒకరిని సమాధి చేసుకున్న ఇంటివారు నవ్వలేకపోతే అది అవిశ్వాసం కాదు. మరియ సైతం ఆ రాత్రి చూసినవీ విన్నవీ మనసులో భద్రం చేసుకుని తలపోసుకుందని లూకా రాశాడు (2:19). పోయినవారు ఇష్టంగా తిన్న వంటకం వండండి. వారి గురించి ఒక తమాషా సంగతి పిల్లలకు చెప్పండి. పక్కింట్లో ఒంటరి పెద్దాయన ఉంటే ఖాళీ అయిన ఆ పీట మీద ఆయన్ను కూర్చోబెట్టండి.

ఆ అరిసె సంగతి జరిగిన తరువాతి ఏడాది నుంచి మేము డిసెంబరులో ప్రతి వారం ఒక సాయంత్రాన్ని ఇంటికి కేటాయించాము. "అయ్యగారు సెమీ క్రిస్మస్‌కు రానంటే ఎలా?" అని ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకున్నారు. కొన్నాళ్లకు వారూ ఆ సాయంత్రం ఇంట్లోనే ఉండడం మొదలుపెట్టారు. ఆ పూట మేము చేసే గొప్ప పనులేమీ లేవు. కలిసి తింటాము. ఒక వాక్యభాగం చదువుకుంటాము. ఆ రోజు ఎవరికి ఏది బాగుందో ఒక్కొక్కరు ఒక్కటి చెబుతారు. "కూర బాగుంది" అన్నా అది స్తుతే.

ఇప్పుడు మా అమ్మాయికి పెళ్లయింది. పోయిన క్రిస్మస్‌కు వచ్చి తానే పాకం పట్టి, అరిసెలు ఒత్తి, పళ్లెంలో పెట్టుకొచ్చి ఎదురుగా నిలబడింది. "ఎలా ఉంది నాన్నా?" అంది. నెమ్మదిగా నమిలి, "నువ్వులు కాస్త ఎక్కువయ్యాయి తల్లీ" అన్నాము. ఎందుకో దాని కళ్లు తడిశాయి. మావీ తడిశాయి.

పశులతొట్టిలో పవళించిన ప్రభువు ఈ పండుగ దినాల్లో మీ ఇంటిని, మీ వంటింటిని, మీకు దూరంగా ఉన్న మీవారిని దీవించును గాక. మీ ముందున్న పళ్లెంలో ఏముందో, దాన్ని ఎవరు దాచిపెట్టారో చూసే కన్నులు మనందరికీ దయచేయును గాక.