గోడలోని గొట్టాలు - నమ్మదగిన పనివాడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది ఇల్లు కట్టరు. ఎవరో కట్టిన ఇంటిని కొంటారు. కనుక ఆ సామెతకు "కొన్న ఇంటికి మరమ్మతు చేయించి చూడు" అన్న మాటను కూడా ఇక్కడ చేర్చుకోవలసి ఉంటుంది. గోడకు రంగు వేసినవాని పనితనం కంటికి కనిపిస్తుంది. ప్లంబరు చేసిన పని గోడ లోపల దాగి ఉంటుంది. దాని మంచిచెడ్డలు బయటపడేసరికి ఏళ్ళు గడుస్తాయి. ఒక్కొక్కప్పుడు అవి పసిపిల్లల రక్తపరీక్షలో తేలుతాయి.

'ప్లంబరు' అన్న మాటకు మూలం 'ప్లంబం' అన్న లాటిన్ పదం. సీసం అని దాని అర్థం. సీసం మెత్తని లోహం. సులభంగా వంగుతుంది, దీర్ఘకాలం మన్నుతుంది. అందుచేతనే రోమనులు మొదలుకొని అమెరికా నగరాల వరకు అందరూ దానిని ఆశ్రయించారు. వీధి గొట్టం నుండి ఇంటికి వచ్చే శాఖకు సీసపు గొట్టమే వాడాలన్న నిబంధన షికాగోలో 1986 వరకు అమలులో ఉండినది. ఆ సంవత్సరమే ఫెడరల్ చట్టం తాగునీటి వ్యవస్థలో సీసపు గొట్టాలను, సీసం కలిసిన టంకాన్ని నిషేధించింది. అయితే 8 శాతం వరకు సీసం ఉన్న ఇత్తడి కుళాయిని కూడా 'సీసరహితం' అని అమ్ముకొనడానికి అదే చట్టం అనుమతినిచ్చింది. 2014 జనవరి నుండి మాత్రమే, నీటిని తాకే ఉపరితలాలలో సగటున 0.25 శాతానికి మించరాదన్న నియమం వచ్చింది. పాత ఇల్లు కొన్నవారు ఈ రెండు సంవత్సరాలను గుర్తుంచుకొనడం మంచిది.

సీసపు గొట్టం ఉన్నంత మాత్రాన నీరు విషమైపోదు. గొట్టం లోపలి గోడపై కరగని లవణాల పొర ఏర్పడి నీటికి, లోహానికి మధ్య అడ్డుగా నిలుస్తుంది. నీటి రసాయన స్వభావం మారితే ఆ పొర చెదరిపోతుంది. 2014 ఏప్రిల్‌లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం తన నీటి వనరును ఫ్లింట్ నదికి మార్చుకున్నది. పొరను కాపాడే ఫాస్ఫేటును ఆ నీటిలో కలపలేదు. ఫలితం లోకమంతటికీ తెలిసినదే. వాషింగ్టన్ నగరంలో 2000లో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడడం మొదలుపెట్టగా, గొట్టాలలో స్థిరంగా ఉన్న సీసపు డయాక్సైడు పొర క్రమంగా కరిగి నీటిలో చేరింది.

మన ఇళ్ళలో ఒక అలవాటు ఉన్నది. నీటిమీద అనుమానం కలిగితే పెద్దలు కాచి చల్లార్చి ఇస్తారు. సూక్ష్మజీవుల విషయంలో అది ఉత్తమమైన పద్ధతి. సీసం మాత్రం కాచినా పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. త్వరగా మరుగుతుందని వేడినీటి కుళాయి నుండి నీరు పట్టి వంటకు వాడడం మరింత హానికరం, ఎందుకంటే వేడినీరు సీసాన్ని ఎక్కువగా కరిగిస్తుంది. పిల్లలకు ఇంత సీసం పరవాలేదని చెప్పగల సురక్షిత పరిమితి ఏదీ వైద్యులకు తెలియదు.

ఇటువంటి చోట చౌకగా చేస్తాడన్న ఒక్క గుణంతో పనివానిని ఎంచుకొనడం సమంజసమా? విందులలో ఒకరినొకరు "ఎంత తీసుకున్నాడు?" అని అడుగుతారే గాని "ఏమి వాడాడు?" అని అడగరు. నమ్మకానికి పునాది రెండవ ప్రశ్నలోనే ఉన్నది. టంకంలో ఏ లోహాలు ఉన్నాయి? రాగి గొట్టాన్ని జింకుపూత ఇనుప గొట్టానికి కలిపేచోట విద్యుద్బంధక కీలు వేశాడా? లేనిచో ఆ అతుకు చిన్న బ్యాటరీ వలె పనిచేసి ఇనుమును తినివేస్తుంది. సీసపు గొట్టాన్ని సగం కోసి మిగతా సగానికి రాగిని అతికించినా ఇదే జరుగుతుంది. కొంతకాలం నీటిలో సీసం తగ్గకపోగా పెరుగుతుంది. వాటర్ హీటరు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. అది తాను కరిగిపోతూ ఉక్కు తొట్టెను కాపాడుతుంది. హీటరు మార్చాలనే ముందు ఆ కడ్డీని తీసి చూపించే పనివాడు గౌరవించదగినవాడు.

లైసెన్సు ఉన్న ప్రతివాడూ నిజాయితీపరుడా అని కొందరు ప్రశ్నిస్తారు. కాకపోవచ్చు. కాని లైసెన్సు, పర్మిటు ఉన్నచోట పనిని మరొక కన్ను తనిఖీ చేస్తుంది. తప్పు జరిగితే జవాబు చెప్పవలసినవాడు ఉంటాడు. ఈ విషయంలో దేశమంతటికీ ఒకే పద్ధతి లేదు. టెక్సాస్‌లో ప్లంబింగు పరీక్షకుల బోర్డు, ఇల్లినాయిలో ప్రజారోగ్య శాఖ లైసెన్సులిస్తాయి. న్యూయార్క్‌లో రాష్ట్రవ్యాప్త లైసెన్సు లేదు. న్యూయార్క్ నగరంలో భవనాల శాఖ ఇస్తుంది. అందుచేత తామున్న ఊరి నియమమేమిటో ముందుగా విచారించుకోవాలి. కుళాయి వాషరు మార్చడానికి ఇంత హంగామా అవసరం లేదు. గోడ లోపలికి వెళ్ళే ప్రతి పనికీ అవసరమే.

గృహస్థు కూడా కొంత నేర్చుకోవాలి. నేలమాళిగలో నీరు ఇంటిలోకి ప్రవేశించే గొట్టాన్ని నాణెంతో మెల్లగా గీకి చూస్తే, సీసమైతే వెండివలె మెరుస్తుంది, అయస్కాంతం అంటదు, ఇనుమైతే అంటుతుంది, రాగి తన రంగుతోనే తెలిసిపోతుంది. అయిదు నిమిషాల ఈ పరీక్షకు డాక్టరేటు అక్కరలేదు. పిల్లల చదువుల కోసం పాఠశాలలను అంత శ్రద్ధగా విచారించే తల్లిదండ్రులు, ఆ పిల్లలు తాగే నీరు ఏ దారిన వస్తున్నదో కూడా విచారించాలి. ప్రశ్నలకు విసుక్కోకుండా సమాధానం చెప్పేవాడే నమ్మదగిన పనివాడు. అయితే ముందుగా ఆ ప్రశ్నలు అడిగే గృహస్థు ఉండాలి.