మమ్మటుడు లెక్కించని ఆరవ ఎడబాటు

ప్రేమ నవలలపై మన పెద్దలకు ఒక పాత అభియోగమున్నది. వాటిని చదివి ఆడపిల్లలు చెడిపోతారట, లేనిపోని తెగింపు నేర్చుకొంటారట. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో తెలుగు పాఠం చెప్పిన కాలమంతా ఈ మాటను తల్లిదండ్రుల నోటా, తోటి ఉపాధ్యాయుల నోటా వింటూ వచ్చినాను. నా అభియోగం దీనికి తలక్రిందులైనది. మన జనప్రియ ప్రేమ నవల తెగింపు నేర్పలేదు. అరవై ఏండ్లుగా అది అపాయం లేని ప్రేమనే నేర్పుతున్నది. నాయికానాయకులకు లోకంలోని విఘ్నాలన్నిటినీ తెచ్చిపెట్టి, మా ఊళ్ళలో నిజంగా అడ్డుపడే ఒక్క విఘ్నాన్ని మాత్రం గడప బయటనే నిలబెట్టింది. ఆ విఘ్నం పేరు కులం.

ముందుగా ఈ నవలలకు చెందవలసిన గౌరవం చెల్లిద్దాము. విజయవాడలో అచ్చైన పుస్తకాలు రహదారి వెంట వస్తే తెలంగాణలో మొదట తగిలే పట్టణం కోదాడ. అక్కడి నుండి సూర్యాపేట దాకా అద్దె పుస్తకాల కొట్లను నిలబెట్టినవి ప్రబంధాలు కావు, ఈ నవలలే. పదవ తరగతితో చదువాగిన ఇల్లాండ్రకు చదివే అలవాటు పోకుండా కాపాడినవీ ఇవే. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతి ఆత్మాభిమానాన్ని చూసి తలయెత్తి నడవటం నేర్చుకొన్నవారు నా ఎరుకలోనే ఎందరో ఉన్నారు. కాబట్టి ప్రేమ నవల తుచ్ఛమనే పండితులతో నాకు పొత్తు కుదరదు. నా తగవు ఆ నవల దాటవేసిన దానితోనే.

మమ్మటుడు కావ్యప్రకాశం నాలుగవ ఉల్లాసంలో విప్రలంభ శృంగారానికి, అనగా ప్రేమికుల ఎడబాటుకు, ఐదు హేతువులు చెప్పినాడు: అభిలాష, విరహం, ఈర్ష్య, ప్రవాసం, శాపం. నేటి ప్రేమ నవలలకు పెడుతున్న వర్గాల పేర్లన్నీ ఈ ఐదు అరలలో చక్కగా ఇమిడిపోతాయి. ఇంకా చెంతకు చేరనివారి తపన అభిలాష; కళాశాల ప్రేమలు, ధనికుడైన యజమానిపై మనసుపడిన ఉద్యోగిని కథలు ఈ అరలోనివి. దగ్గరనే ఉండి కూడా పెద్దలకు జడిసి దూరమైతే విరహం. బావామరదళ్ళ కథలు, ఉమ్మడి కుటుంబపు కథలు అక్కడ చేరుతాయి. అపార్థం మీద నడిచే ఒప్పందపు పెండ్లి కథలది ఈర్ష్య. సాఫ్టువేరు ఉద్యోగుల కథలు, అమెరికా కథలు ప్రవాసం. పునర్జన్మలు, మాయలోకాలు, తీరని రోగాలు శాపం. 2014లో మొదలైన ప్రతిలిపి వంటి వేదికలలో ఇవన్నీ నేడు ధారావాహికలుగా ఫోనులోనే దొరుకుతున్నాయి. అద్దె కొట్టు పోయింది, అరలు మాత్రం అవే ఉన్నాయి.

ఇప్పుడు మా ఊళ్ళ సంగతి వినండి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతియైన భార్యతో ఆసుపత్రి నుండి వెలుపలికి వస్తున్న ఒక దళిత యువకుణ్ణి ఆమె కన్నులయెదుటనే కిరాయి హంతకుడు నరికి చంపినాడు. ఆమె తండ్రి ఆ కేసులో మొదటి నిందితుడు; విచారణ ముగియకముందే, 2020 మార్చిలో మరణించినాడు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ తీర్పుకు రెండు నెలలైనా ముందు కాదు, 2025 జనవరిలో, సూర్యాపేటలో కులాంతర వివాహం చేసుకొన్న మరొక యువకుడు హత్యకు గురైనాడు. పోలీసులు అమ్మాయి బంధువులను అరెస్టు చేసినారు. ఈ ఎడబాటులను మమ్మటుని ఏ అరలో పెట్టుదాము? అభిలాష తీరింది, ఈర్ష్య లేదు, ప్రవాసం లేదు, ఏ మునీ శపించలేదు. ఇది ఆరవ హేతువు. శాస్త్రకారుడు దీనిని లెక్కించలేదు. నవలాకారులకు మాత్రం ఇది ఎన్నడూ తెలియని సంగతి కాదు.

పత్రికలవారు ఇటువంటి దానికి 'పరువుహత్య' అని సమాసం కట్టినారు. పరువు కొరకు హత్య అని చతుర్థిగా విగ్రహం చెప్పుకొంటే హంతకుని వాదానికి మనమే వ్యాకరణం సమకూర్చినట్లు. నా మటుకు నేను పరువు యొక్క హత్య అని షష్ఠిగా చెబుతాను. ఆనాడు చచ్చింది ఒక మనిషితోపాటు ఆ ఊరి పరువు కూడా.

కొందరనవచ్చును: పెద్దలకు జడవటం విరహంలో ఉన్నది గదా, కులం కూడా అందులోనిదే గదా అని. పొసగదు. విరహంలో పెద్దలు కళ్ళెర్రజేస్తారు, తలుపు మూస్తారు, చివరి ప్రకరణంలో కరిగిపోయి అక్షింతలు వేస్తారు. ఆ కరుగుతారనే నమ్మకమే ఈ నవలలు మన పిల్లలకు పంచిపెట్టిన అసలు భ్రమ. మరికొందరంటారు: ప్రేమ నవల సేదదీరటానికి, అందులోకి కులాన్ని తెస్తే పాఠకురాలు పారిపోతుంది అని. ఆ పాఠకురాలి ఇంట కులం లేదా? మా నల్లగొండ ప్రాంతంలో కొత్తవారు కనబడితే మంచినీళ్ళిచ్చి, ఊరడిగి, ఆ వెనుక మెల్లగా "మీరేమోళ్ళు?" అని అడుగుతారు. ఇల్లు అద్దెకు కావాలన్నా ఆ ప్రశ్న దాటనిదే తాళంచెవి చేతికి రాదు. నవలలో నాయకుడు మాత్రం ఇంటిపేరు లేకుండా, వాడ లేకుండా, కారు దిగి నేరుగా పెండ్లిపీట మీద కూర్చొంటాడు. అతణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అడగవలసిన పని లేదు. అతడు నాయిక కులంవాడేనని పాఠకురాలు తనంతట తానే అనుకోవటానికి రచయిత తోవ చేసిపెట్టినాడు.

అట్లాగని తెలుగులో మంచి ప్రేమ నవలలు లేవని అనను. చదువదగినవి ఏవని అడిగినవారికి నా జాబితా ఇది. చలం 'మైదానం' 1927 నాటిది. రాజేశ్వరి, అమీరుల సాహసం నచ్చినా నచ్చకపోయినా, మతమూ కులమూ కాలదన్ని వెళ్ళిన స్త్రీ తన నోట తన కథ చెప్పుకొన్నది. రంగనాయకమ్మ 'బలిపీఠం'లో దళితుడైన భాస్కర్‌కూ, బ్రాహ్మణ వితంతువైన అరుణకూ పెండ్లి జరుగుతుంది. ఆ పెండ్లితో కథ ముగియక, కులాహంకారం కాపురంలోకి ఎట్లా చొరబడుతుందో చూపటానికి అక్కడ మొదలవుతుంది. చరిత్ర కావాలనేవారు విశ్వనాథ 'ఏకవీర' చదవండి. ప్రేమించినవారు ఒకరు, పెండ్లాడినవారు ఒకరు అయిన నలుగురి గోడు అది. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000)ను ఎవరూ ప్రేమ నవలల అరలో పెట్టరు. రూతు తన రూబేనును తలచుకొనే తీరు చదివిన తరువాత నేను పెట్టినాను. తమిళంలో పెరుమాళ్ మురుగన్ 'పూక్కుళి' 2013లో వచ్చింది. దాని ఆంగ్లానువాదం 2023లో అంతర్జాతీయ బుకర్ బహుమతి తొలి జాబితాకు ఎక్కింది. అందులో కులాల పేర్లు చెప్పకుండానే, ఊరివారి ప్రశ్నలతోనే, కులం మొత్తం కనబడుతుంది. పేర్లు పెడితే గొడవలౌతాయని జంకే మన రచయితలకు ఇంతకన్న మంచి ఉపాయం ఎవరు చెప్పగలరు?

వస్తువు కావాలంటే వెదకవలసిన పని కూడా లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెండ్లాడదలచినవారు ముందుగా నోటీసు ఇవ్వాలి. దానిని కార్యాలయంలో అందరికీ కనబడేట్లు అంటిస్తారు. 30 రోజులు ఆగాలి. ఆ 30 రోజులలో కోదాడ వంటి చిన్న పట్టణంలో ఇద్దరి పేర్లు గోడమీద ఉన్నాయి. ఆ కాగితాన్ని ఎవరు చదువుతారు, ఎవరు ఎవరి ఇంటికి వార్త మోస్తారు, వీరు ఎక్కడ తలదాచుకొంటారు? దీనికి మించిన ఉత్కంఠను ఏ ఫాంటసీ కల్పించగలదు? సుఖాంతమే కావాలంటే కాదనను, నేనే ముందు కోరుకొంటాను. ఆ జంటకు ఇల్లు అద్దెకు దొరకటం, తొలి పండుగకు ఎవరింట ఏమి వండుకొన్నారన్నది, మాట మానిన నాయనమ్మ మనుమరాలిని చూడటానికి ఒక మధ్యాహ్నం బస్సెక్కి రావటం - ఇవి వ్రాయండి. సంపాదించుకొన్న సుఖాంతం అంటే అది.

సూర్యాపేట ప్రక్కనే పిల్లలమర్రి ఉన్నది. ఆ ఊరిపేరే ఇంటిపేరైన పినవీరభద్రుడు పదిహేనవ శతాబ్దంలో 'శృంగార శాకుంతలం' వ్రాసినాడు. పెద్దల అనుమతి లేకుండా వరించిన పిల్ల కథ అది. గర్భవతియైన ఆమెను భర్త ఇంటికి ఆదరంతో సాగనంపిన కణ్వుని వంటి తండ్రి కథ కూడా. పదవీ విరమణ దాకా ఆ కణ్వుణ్ణి నేను తరగతిలో పొగడుతూనే వచ్చినాను. మా జిల్లాలోని తండ్రులందరూ ఆ కథ వినే పెరిగినారు.

మిత్రులారా, మీరు చదివిన కొత్త ప్రేమ నవలలలో ఈ ఆరవ హేతువును ఎదుర్కొన్నవి ఉంటే పేర్లు వ్రాయండి. తప్పక తెప్పించుకొని చదువుతాను. మీలో ధారావాహికలు వ్రాసేవారికి ఒక్కటే మనవి: రేపటి భాగంలో మీ నాయకుడు నాయిక ఇంటి గడప ఎక్కేటప్పుడు, ఆమె మేనత్త చేత మంచినీళ్ళిప్పించి, "మీరేమోళ్ళు, బాబూ?" అని అడిగించండి. అతడు ఏమి జవాబు చెబుతాడో చదవాలని ఉన్నది.