పక్షవాతమో ఫిట్సో వేళకు తేల్చే పరీక్షలు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారి సముఖానికి,

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం నివాసులు, పక్షవాత, మూర్ఛ బాధితుల కుటుంబాలు సమర్పించే వినతి.

అయ్యా,

ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి, మాట తడబడుతున్న మనిషిని ఆసుపత్రికి తెస్తే కారణం ఒకటే అయి ఉండాలని లేదు. మెదడు రక్తనాళం గడ్డతో పూడిపోయి ఉండవచ్చు, చిట్లి ఉండవచ్చు. ఎవరూ చూడనప్పుడు ఫిట్స్ వచ్చి తగ్గాక మిగిలిన బలహీనత కూడా కావచ్చు. ఈ చివరిదాన్ని 1849లో రాబర్ట్ బెంట్లీ టాడ్ వివరించారు. ఇప్పటికీ ఆయన పేరుతోనే టాడ్స్ పెరాలిసిస్ అంటారు. అది సాధారణంగా కొన్ని గంటల్లో, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. పూడిన రక్తనాళం మాత్రం అంత వ్యవధి ఇవ్వదు. గడ్డ కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలన్నది సాధారణ నియమం. రక్తస్రావం ఉన్నవారికి అదే మందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది.

తేడా తేల్చడానికి ఒక్క పరీక్ష చాలదు. రక్తస్రావాన్ని సీటీ వెంటనే చూపుతుంది. గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్‌లో తొలి గంటల సీటీ మామూలుగానే కనిపించవచ్చు. ఎంఆర్ఐలోని డిఫ్యూజన్ స్కాన్ ఆ దెబ్బను చాలా ముందుగా పట్టిస్తుంది. అయితే ఎక్కువసేపు ఫిట్స్ సాగిన మెదడులోనూ అలాంటి మార్పులే రావచ్చు. అవి తరచుగా ఏ ఒక్క రక్తనాళం పరిధికీ కట్టుబడి ఉండవు. స్ట్రోక్‌లో ఆ భాగానికి రక్తప్రసరణ తగ్గుతుంది, ఫిట్స్ నడుస్తున్నప్పుడు తరచూ పెరుగుతుంది. ఇక ఒంట్లో ఏ కదలికా లేకుండా, మనిషి కేవలం మగతగా ఉన్నట్టే కనిపిస్తూ మెదడులో మూర్ఛ సాగుతూ ఉంటే దాన్ని ఈఈజీ లేకుండా నిర్ధారించలేరు. అరగంట ఈఈజీ మామూలుగా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదనీ అనలేరు. మెదడు సిరల్లో గడ్డకడితే, ముఖ్యంగా బాలింతల్లో, ఫిట్సూ పక్షవాతమూ కలిసే రావచ్చు. కాబట్టి స్కానూ ఈఈజీ రెండూ, వాటిని కలిపి చదవగల న్యూరాలజిస్టూ ఒకే చోట, ఒకే వేళకు దొరకాలి. మా ప్రాంతానికి లేనిది ఈ కలయికే.

ఇక్కడి పేద రోగులకు ప్రభుత్వ న్యూరాలజీ సేవలంటే అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా, పంజాగుట్టలోని నిమ్స్. 2018 సెప్టెంబర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో ఉంది. కానీ స్పృహ లేని మనిషి వెళ్లాల్సింది అంబులెన్స్‌లో, మలక్‌పేట, చాదర్‌ఘాట్ రద్దీ గుండా. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో 1000 పడకల టిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. మా కోరికల్లో మొదటిది దాని గురించే.

ఒకటి. ఆ టిమ్స్‌లో రోగులను చేర్చుకునే తొలి రోజు నుంచే అత్యవసర విభాగం పక్కన సీటీ, ఎంఆర్ఐ 24 గంటలూ పనిచేయాలి. మంచం దగ్గరికే తెచ్చే ఈఈజీ యంత్రం ఉండాలి, రాత్రి షిఫ్టుకు టెక్నీషియన్ పోస్టులు ఇప్పుడే మంజూరు కావాలి. యంత్రం ఒక టెండరుతో వస్తుంది. దాన్ని నడిపే మనిషికి శిక్షణ కావాలి, జీతం కావాలి. ఆ పోస్టులు వెనకబడితే యంత్రం తాళం వేసిన గదిలో ఉండిపోతుందని మా భయం.

రెండు. టిమ్స్ తెరిచేదాకా వనస్థలిపురం ఏరియా ఆసుపత్రికి రాత్రింబవళ్లు సీటీ అందుబాటులో ఉంచి, చిత్రాలను ఆన్‌లైన్‌లో నిమ్స్ లేదా ఉస్మానియా న్యూరాలజిస్టు అప్పటికప్పుడు చూసేలా చేయాలి. వచ్చిన వెంటనే వేలి రక్తంతో షుగర్ చూడాలి. షుగర్ బాగా పడిపోయినా స్ట్రోక్‌లాగే, ఫిట్స్‌లాగే కనిపిస్తుంది.

మూడు. రోగిని చివరిసారి బాగా ఉండగా చూసిన వేళను 108 సిబ్బంది తప్పనిసరిగా రాయాలి, ఆసుపత్రికి ముందే ఫోన్ చేయాలి. మందు ఇవ్వవచ్చా లేదా అన్నది ఆ వేళను బట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో తీసిన ఫిట్స్ వీడియోను డాక్టర్లు అడిగి చూడాలి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టి కూర్చోకుండా వేళ గమనించి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలని ఆశా కార్యకర్తల ద్వారా కాలనీల్లో చెప్పించాలి.

నాలుగు. రిఫర్ చేసేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ చిత్రాలు, ఈఈజీ రికార్డు ఉచితంగా ఇవ్వాలి. ప్రైవేటు స్కానింగ్ సెంటర్లకూ ఈ ఆదేశం వర్తించాలి. చిత్రాలు లేక అదే స్కాన్ మళ్లీ తీయిస్తే డబ్బు సంగతి అటుంచి, వేళ పోతుంది.

అయిదు. చివరికి తేలింది స్ట్రోకైనా, ఫిట్సైనా, ఆ తొలి పరీక్షల ఖర్చును ఆరోగ్యశ్రీ భరించాలి. 2023 డిసెంబర్‌లో పథకం పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. జబ్బు పేరు తేలాకే వర్తిస్తుందంటే, ఆ పేరు తేల్చడానికి కావలసిన పరీక్షకే కుటుంబం అప్పు కోసం తిరగాల్సి వస్తుంది.

పై వాటిలో వేటిని ఎప్పటిలోగా చేస్తారో, ఏ అధికారి బాధ్యత వహిస్తారో లిఖితపూర్వకంగా తెలియజేయాలనీ, వైద్య విద్య సంచాలకుల సమక్షంలో మా ప్రతినిధులతో మాట్లాడేందుకు ఒక తేదీ ఇవ్వాలనీ కోరుతున్నాం.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంత నివాసులు, బాధితుల కుటుంబాలు

ప్రతులు: వైద్య విద్య సంచాలకులు, రంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాల కలెక్టర్లు