పతంగికి గాలి చాలు, తీరానికి తిథి కావాలి

జనవరి 14న సూరత్‌లో మనుషులందరూ డాబాల మీదే ఉంటారు. ఉత్తరాయణ్ అని గుజరాతీలు పిలిచే ఆ పండగ నాడు ఉధ్నా, లింబాయత్ బస్తీల నుంచి నవసారి రోడ్డు మీది ఉన్ దాకా ఆకాశమంతా పతంగులే. నగరంలోని మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలకు ఇది పరాయి పండగగా తోచదు. సంక్రాంతికి పతంగి ఎగరేయడం హైదరాబాద్‌లోనూ ఉన్నదే, సూరత్ మాంజాకు అక్కడా పేరున్నదే. ఉన్ నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు పడమరకు వెళ్తే డుమస్ దగ్గర అరేబియా సముద్రం ఎదురవుతుంది. దారం తెంపడానికి బదులు ఏకంగా మనిషినే లాక్కుపోయే పతంగికి అక్కడి గాలి, ఇసుక సరిపోతాయా అన్నది ఇప్పుడు అడగదగ్గ ప్రశ్నే.

ఆ ఆట పేరు కైట్‌సర్ఫింగ్. కాళ్లకు పలక, నడుముకు పట్టీ, పట్టీ నుంచి 20-25 మీటర్ల తాళ్లు, వాటి చివర ఏడు నుంచి పద్నాలుగు చదరపు మీటర్ల గాలిపటం. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి చెందిన లెగెన్యూ సోదరులు 1984లో గాలి నింపిన గొట్టపు అంచుతో, నీళ్లలో పడినా మునగకుండా మళ్లీ లేచే పటానికి పేటెంట్ తీసుకున్నాక ఆట దశ తిరిగింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి పతకాల జాబితాలోకి ఎక్కింది. మార్సెయ్ తీరంలో జరిగిన ఆ పోటీల్లో గాలి చాలక కొన్ని రేసులు వాయిదా పడ్డాయి కూడా. మన దేశంలో తూత్తుకుడి, రామేశ్వరం తీరాల్లో ఇది ఇప్పటికే వేళ్లూనుకుంది. ఇక ఈ పటాల గుడ్డ సంగతంటారా? అది గట్టి నేత పాలిస్టర్. దేశంలో పాలిస్టర్ నేతకు రాజధాని లాంటి సూరత్‌కు అంతకంటే దగ్గరి చుట్టం ఏముంటుంది?

గాలి సంగతి చూస్తే సూరత్‌కు కొరత లేదు. ఈ ఆటకు గంటకు 22 నుంచి 45 కిలోమీటర్ల నిలకడైన గాలి కావాలి. ఏప్రిల్, మే నెలల్లో నేల వేడెక్కి, మధ్యాహ్నం నుంచి పడమర, నైరుతి దిక్కుల సముద్రపు గాలి ఊపందుకుంటుంది. జూన్‌లో రుతుపవనాలు వచ్చాక గాలి ఇంకా బలపడుతుంది. కానీ దాంతోపాటే ఉరుములు, జడివాన, ఎటు తిరుగుతుందో తెలియని ఈదర. అందుకే వానాకాలం నేర్పరులకు సైతం ప్రమాదకరమే. విచిత్రమేమిటంటే, ఊరంతా పతంగులు ఎగరేసే చలికాలమే సముద్రపు పతంగికి పనికిరాని కాలం. ఆ రోజుల్లో పొద్దుటిపూట గాలి ఉత్తర, ఈశాన్యాల నుంచి, అంటే నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. డాబా మీద తెగిన పతంగి పక్క వీధిలో పడుతుంది. అదే గాలికి నీళ్ల మీద తాడు చిక్కుపడిన మనిషి ఒడ్డుకు దూరమవుతూనే ఉంటాడు. కైట్‌సర్ఫింగ్ నేర్పే ఏ గురువైనా మొదట చెప్పే పాఠం ఇదే: ఒడ్డు నుంచి కడలికి వీచే గాలిలో పటం ఎత్తొద్దు.

గాలి లెక్క ఇంతవరకు సులువే. చిక్కంతా నీటితోనే. డుమస్ ఉన్నది ఖంభాత్ సింధుశాఖ దక్షిణ భాగంలో. ఆ సింధుశాఖ గరాటు ఆకారంలో ఉంటుంది. వెడల్పాటి మూతి నుంచి లోపలికి దూరిన పోటు నీరు ముందుకు పోయేకొద్దీ ఇరుకై, లోతు తగ్గి, పైకి ఎగదన్నుతుంది. భావనగర్ దగ్గర పెద్ద పోటుకు, పాటుకు మధ్య తేడా పది మీటర్లు దాటుతుంది. సూరత్ తీరంలో అది ఆరేడు మీటర్లు, అంటే రెండంతస్తుల మేడ ఎత్తు. విశాఖపట్నంలో ఇదే తేడా రెండు మీటర్లకు లోపే. కాబట్టి రామకృష్ణా బీచ్‌లో సముద్రాన్ని చూసి పెరిగిన తెలుగువారికైనా డుమస్ సముద్రం కొత్తే. అసలు సముద్రమే ఎరుగని సిరిసిల్ల, పోచంపల్లి వారి మాట చెప్పనక్కర్లేదు.

ఆరు మీటర్ల నీరు ఆరు గంటల్లో ఎక్కుతుంది కాబట్టి గంటకో మీటరు అనుకుంటే పొరపాటు. నావికులు పాటించే మోటు లెక్క ఒకటుంది. మొత్తాన్ని పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, చివరి గంటలో ఒకటి. ఆ లెక్కన మొదటి గంటలో నీరు పెరిగేది అర మీటరే. చూసేవారికి సముద్రం నిద్రపోతున్నట్టుంటుంది. మూడు, నాలుగు గంటల్లో మాత్రం గంటకు మీటరున్నర పెరుగుతుంది. వంద అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న ఇసుక అనుకుంటే, నీటి అంచు గంటకు 150 మీటర్లు నడిచి వస్తుందన్నమాట. పైగా అది ఎదురుగానే రావాలన్న నియమం లేదు. ఇసుక మేటల మధ్య పల్లాలు ముందు నిండుతాయి. సముద్రం ఇంకా ముందే ఉందనుకుని నిలబడ్డ మనిషికి వెనక కాలువ పారుతుంటుంది.

పటం ఎగరేసేవారికి దీని అర్థం ఏమిటి? పూర్తి పోటులో తీరం సన్నబడుతుంది. పటం లేపడానికి, దించడానికి గాలివాలున తాళ్ల పొడవుకు రెండింతల ఖాళీ జాగా కావాలి. అప్పుడు అక్కడ మిగిలేది జనం, చెట్లు, దుకాణాలే. పూర్తి పాటులో నల్లటి ఇసుక నేల కావలసినంత. అయితే నీరు కొన్ని వందల మీటర్ల అవతల ఉంటుంది, మధ్యలో మోకాలి లోతు బురద. పనికొచ్చేది ఆ రెంటికీ నడుమ, నీరు సగం మెట్టున ఉండే రెండు మూడు గంటలు మాత్రమే. ఆ వేళకు గాలి రావాలి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది కాబట్టి సోమవారం కుదిరిన జత శనివారానికి కుదరదు.

అంతకంటే పెద్ద ప్రమాదం నీరు వెనక్కి మళ్లినప్పుడు. సింధుశాఖలోకి ఎక్కిన నీరంతా ఆరు గంటల్లో బయటికి పోవాలి. అందుకే కొన్నిచోట్ల ప్రవాహ వేగం సెకనుకు రెండు మూడు మీటర్లకు చేరుతుంది. ఏ ఈతగాడూ దానికి ఎదురీదలేడు. సాయంత్రపు సముద్రపు గాలి ఒడ్డుకు తోస్తుంటే, పాటు నీరు కడలికి లాగుతుంటే, రెండూ ఢీకొన్న చోట కెరటాలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. గాలి ఉన్నంతసేపు పటం కాపాడుతుంది. గాలి పడిపోతే మిగిలేది ప్రవాహం ఒక్కటే. తపతి, మింధోలా నదుల ముఖద్వారాలు రెండువైపులా ఉన్న డుమస్‌లో ఆ లాగుడును తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

ఈ నీటి గడియారాన్ని చదవగలిగినవారికి అదే పెట్టుబడి అయిందనడానికి చరిత్రలో సాక్ష్యాలున్నాయి. తపతి మూతిలోని ఇసుక దిబ్బలను పెద్ద ఓడలు దాటలేక ఉత్తరాన సువాలీ వద్ద లంగరు వేసేవి. 1612 నవంబరులో థామస్ బెస్ట్ నాయకత్వంలోని ఇంగ్లిష్ ఓడలు పోర్చుగీసు నౌకాదళాన్ని ఎదిరించింది అక్కడే. ఆ పోరులో కొన్ని పోర్చుగీసు ఓడలు ఇసుక మేటల మీద చిక్కుకుపోయాయి. సింధుశాఖ అవతలి ఒడ్డున అలంగ్‌లో 1983 నుంచి పాత ఓడలను విరగ్గొడుతున్నారు. పెద్ద పోటు రోజు చూసి ఓడను నేరుగా ఒడ్డెక్కించడం, నీరు పోయాక పని మొదలుపెట్టడం అక్కడి పద్ధతి. డుమస్‌కు దక్షిణాన ఉన్న దండిలో 1930 ఏప్రిల్ 6న గాంధీజీ చేతికెత్తుకున్న ఉప్పు కూడా పోటు నీరు నేల మీద వదిలి వెళ్లినదే.

చదవలేనివారి గతి ఏమిటో ఇంగ్లండ్‌లోని మోర్‌కామ్ అఖాతం చెబుతుంది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి అక్కడి పాటు నేలల్లో గవ్వచిప్పలు ఏరుతున్న చైనా వలస కూలీలను పోటు చుట్టుముట్టింది. కనీసం 21 మంది చనిపోయారు. ఆ ఇసుక గురించి స్థానికులకు తెలుసు. కూలీలకు చెప్పినవారు లేరు. సూరత్ కూడా వలస కార్మికుల నగరమే. మగ్గానికి సెలవు దొరికిన రోజు పిల్లలను తీసుకుని డుమస్‌కు వచ్చి, టమాటా భజియాలు తిని, నీళ్లు ఎక్కడున్నాయో చూద్దామని ఇసుకలో దూరం నడిచే కుటుంబాల్లో తెలుగు, ఒడియా, మరాఠీ, భోజ్‌పురి అన్నీ వినిపిస్తాయి. పోటును 'భర్తీ' అని, పాటును 'ఓట్' అని గుజరాతీలో అంటారన్నది వారిలో ఎందరికి తెలుసు? స్థానికులైతే అంతా తెలుసునని కాదు. తీరం మీదికి వాహనాలు తేవడంపై నిషేధం ఉన్నా, 2025 జూలైలో ఒక ఖరీదైన కారు డుమస్ బురదలో కూరుకుపోయిన దృశ్యాలను దేశమంతా చూసింది.

2006 ఆగస్టు వరదలు గుర్తున్నవారికి ఈ లెక్క విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఉకాయ్ ఆనకట్ట నుంచి తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలిన ఆ రోజుల్లోనే ఆగస్టు 9న శ్రావణ పౌర్ణమి వచ్చింది. పౌర్ణమి అంటే పెద్ద పోటు. పైనుంచి నది, కిందినుంచి సముద్రం తోసుకురావడంతో నగరంలో అత్యధిక భాగం నీట మునిగింది.

నిజానికి తెలుగు ఇంటి గోడకు వేలాడే పంచాంగంలోనే సగం జవాబు ఉంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు అన్నిటికంటే పెద్దది. అష్టమి దాటాక చిన్నది. పెద్ద పోటు రోజుల్లో ముంబైలో నీరు మిట్టమధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతాల్లో నిండుతుంది. సింధుశాఖ లోపలికి పోయేకొద్దీ ఆ వేళ వెనకబడుతుంది. మిగతా సగం జవాబు ప్రభుత్వం దగ్గర సిద్ధంగా ఉంది. డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలను ముందుగానే ప్రచురిస్తుంది. కెరటాలు, గాలుల ముందస్తు సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ 1999 నుంచి పని చేస్తున్నది హైదరాబాద్‌లోనే. సముద్రానికి ఎంతో దూరంలోని తెలుగు నగరంలో తయారయ్యే సమాచారం సముద్రపు ఒడ్డున నిలబడ్డ తెలుగు నేతకార్మికుడికి అందకపోతే అది ఎవరి లోపం?

సువాలీలో 2024లో బీచ్ ఉత్సవం జరిగింది. డుమస్ తీరాన్ని తీర్చిదిద్దే పథకాన్ని సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ చేపట్టింది. రేపు ఎవరైనా కైట్‌సర్ఫింగ్ శిక్షణ కూడా మొదలుపెడితే సంతోషమే. ఏప్రిల్, మే సాయంత్రాలు, అష్టమి దాటిన చిన్న పోటు రోజులు, వెంట ఒక రక్షణ పడవ ఉంటే అసాధ్యమేమీ కాదు. ఏ ఉత్సవానికైనా, ఏ ఆటకైనా ముందు కావలసింది అంత ఖరీదైనదేమీ కాదు. తీరంలోకి దిగే ప్రతి దారి దగ్గర రోజూ మార్చే ఒక పలక, దాని మీద ఆనాటి పోటు వేళ, పాటు వేళ. తెలుగు మాధ్యమంలో బడులు నడిపిన కార్పొరేషన్‌కు ఆ రెండు మాటలను గుజరాతీ, హిందీలతో పాటు తెలుగులోనూ రాయించడం బరువేమీ కాదు. ఆ అంకెలు చూశాక పటం ఎత్తాలో, పిల్లల చెయ్యి పట్టుకుని వెనక్కి మళ్లాలో వచ్చినవారే నిర్ణయించుకుంటారు.