విషము సోకిన భూమికి వెల యెంత?

సిద్దిపేట ప్రాంతపు పట్టాదారులకు భూమికి వెలకట్టు బాధ క్రొత్తది కాదు. మల్లన్నసాగరమున వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపురము మునిగిననాడు ఎకరమున కెంత, ఇంటి కెంత యను వాదము ఊరూర సాగినది. అయినను మునిగిన భూమి పట్టాదారుని వీడిపోవును. విషము సోకిన భూమి వీడదు. పట్టా యాతని పేరనే యుండును. రిజిస్ట్రారు కచ్చేరీ కాగితములలో వెలయు చెక్కుచెదరక యుండును. పంట యొక్కటే యుండదు.

2016 అక్టోబరు 11వ తేదీవరకు సిద్దిపేటయు, పటాన్‌చెరువును ఒకే మెదకు జిల్లాలోనివి. పటాన్‌చెరువు రసాయన కర్మాగారముల మురుగు నక్కవాగున బడి మంజీరకు పాఱినది. 1990లో సుప్రీముకోర్టున దాఖలైన వ్యాజ్యమునకు 2017లో హరిత ట్రిబ్యునలునందు గాని తుదితీర్పు రాలేదు. ఇరువదియేడేండ్లు! ఈ నడుమ రైతులకు దక్కినది పంటనష్టపు పరిహారము. వానలేక పంటపోయిన యేట ఆ లెక్క న్యాయమే. మన్నును, బావినీరును చెడినచోట నది యిల్లు తగులబెట్టి నెల యద్దె చేతబెట్టుట వంటిది.

2013 భూసేకరణ చట్టము చూపిన మార్గములలో నొకటి, చుట్టుపట్ల మూడేండ్ల విక్రయపత్రములలో హెచ్చువెల గల సగమునకు సగటు కట్టుట. మంచి భూమి కది చాలును. చెడిన భూమిని సేద్యమునకు కొనువా డెవడు? ఇండ్లస్థలములకై కొనువాడు బోరునీరు రుచిచూచి కొనడు గదా! నగరము సమీపించి వెల పెరిగినచో, నష్టమే లేదని వాదించుటకు ప్రతివాదికి వీలగును.

కావున అదే నేల, అదే నీటివసతి గల నిర్మలమైన పొరుగూరి వెలను మొదట గ్రహింపవలెను. మట్టిని, నీటిని శుద్ధిచేయు వ్యయము, అంతకాలము పోయిన ఫలసాయము, శుద్ధియైన పిమ్మటను కొనువాని మనసున మిగులు శంకవలన తగ్గు వెల, ఈ మూడును నష్టమే. శుద్ధివ్యయమును లెక్కింపజాలమనుట చెల్లదు. రాజస్థానమందలి బిఛ్ఛ్రీ గ్రామ వ్యాజ్యమున సుప్రీముకోర్టు కలుషితము చేసినవారే భరింపవలెనని 1996లో తీర్పుచెప్పి, 2011లో 37.385 కోట్ల రూపాయలను, జాప్యమునకు నూటికి 12 వంతున చక్రవడ్డీని చెల్లింపుమన్నది.

2025 జూలైలో కేంద్రప్రభుత్వము కలుషితస్థలముల నిబంధనలను ప్రకటించినది. అనుమానింపదగిన స్థలములను గూర్చి జిల్లా యధికారులు ఆఱునెలల కొకమాఱు నివేదింపవలెను. సిద్దిపేట కలెక్టరుగారు ఆ పట్టికను రిజిస్ట్రారు కచ్చేరీయందు ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. వెల పడిపోవునని కొందఱు వెఱతురు. వెల యిదివరకే పడినది. పట్టిక దానిని పైకి చెప్పును, అంతే.

వర్గలు, ములుగు మండలములలో కర్మాగారముల చెంత భూములున్నవారు నేడే మట్టిని, బోరునీటిని పరీక్ష చేయించి, ఆ కాగితమును పట్టాతోపాటు భద్రపఱచుకొనవలెను. మున్నెట్లుండెనో ఋజువు లేనివాని నష్టము కోర్టున నిలువదు. పరీక్ష రుసుము సన్నకారు రైతునకు భారము. దానిని పంచాయతీలు భరించుట యుక్తము.